ముసలివారున్న ఇల్లు

గొడ్లచావడి నేల నున్నగా నుండరాదని మన రైతులలో నెఱుగనివారుండరు. సిమెంటు పోయించిన దినముననే, తడి యాఱకమునుపు, తాపీపనివానిచేత నేలమీద గాడులు గీయింతురు. చూడిగేదె కాలు జాఱి పడినచో కలుగు నష్టము మీకొకరు చెప్పవలసిన పని లేదు. అదే యింటిలో, అదే తాపీపనివాడు, స్నానపుగదికి మాత్రము అద్దమువలె మెఱయు పలకలు పఱచి పోవును. యజమానుడు చూచి సంతోషించును. ఆ పలకలమీద దినమునకు నాలుగైదు మాఱులు తడికాళ్ళతో నడువవలసినవారెవరు? డెబ్బదియేండ్లు దాటిన తల్లియు, ఎనుబదికి దగ్గఱపడిన తండ్రియు.

ఇది నిర్లక్ష్యమువలన జరుగుచున్నదని నేననను. ఇల్లనగా క్షేమమైన చోటనియు, అపాయములన్నియు పొలములోను రోడ్డుమీదను నూతిగట్టునను ఉన్నవనియు మనము నమ్మియుందుము. వయసులో నున్నవానికి ఆ నమ్మకము సరియైనదే. ముసలివానికి కాదు. ఆయన పొలము ఇప్పుడు మంచము మొదలు మరుగుదొడ్డివఱకు గల ముప్పది అడుగుల నేలయే.

ఈ నెల పత్రికకు మిరప నారుమడిని గూర్చి వ్రాయుదునని నేను మాట యిచ్చియుంటిని. అది వచ్చునెల వ్రాసెదను. నారు పోయుటకు ఇంకను వ్యవధి యున్నది. ఈ విషయమునకు వ్యవధి లేదని నా యింటిలో జరిగిన సంగతివలన నాకు తెలిసినది.

మా తండ్రిగారికి డెబ్బదియెనిమిది సంవత్సరములు. మొన్నమొన్నటివఱకు తెల్లవాఱుజామున లేచి చేనికి పోయి వచ్చువారు. గడచిన మార్గశిరమాసమున ఒకనాటి రాత్రి లఘుశంకకై లేచి, నడవ దాటి పెరటి వసారాలోనికి అడుగిడబోయి, గడప కాలికి తగిలి ప్రక్కకు కూలిరి. తుంటియెముక విఱిగినది. ఆ గడప ఆఱంగుళముల యెత్తు. దానిని పెట్టించినది ఆయనయే. నలువది సంవత్సరములుగా దాటుచున్నదియు ఆయనయే. దీపపు మీట మంచమునకు ఎనిమిదడుగుల దూరమున, బీరువా ప్రక్క గోడకున్నది. "దీపం ఎందుకు వేసుకోలేదు నాన్నా?" అని యడిగితిని. "పిల్లలకు పరీక్షలు గదరా, నిద్ర చెడుతుందని వేయలేదు" అనిరి.

నేను ఊరూర తిరిగి, విత్తనశుద్ధి మొదలుకొని గాదెలోని ధాన్యపు తేమవఱకు పరీక్షించి చెప్పువాడను. ఆ మీటయు ఆ గడపయు నిత్యము నా కన్నులయెదుటనే యుండినను వానిని ఒకనాడైనను పరీక్షింపలేదు.

శస్త్రచికిత్స జరిగినది. ఆయన ఇప్పుడు చేతికఱ్ఱతో ఇంటిలో నడచుచున్నారు. చేనికి మాత్రము మరల పోలేదు. ఆ చికిత్స ఒక యెకరము మిరప తెచ్చిన రొక్కమును మ్రింగినది. పిదప నేను చేయించిన మరమ్మతులకు, వడ్రంగి కూలితో గూడ, మూడువేల రూపాయలు దాటలేదు. ఇట్టిది మా యింటికే పట్టిన దురదృష్టము గాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్కప్రకారము ఏటేట లోకములో సుమారు 6,84,000 మంది పడిపోవుటవలన మరణించుచున్నారు. ప్రమాదవశమున గలుగు మరణములలో రోడ్డు ప్రమాదములు మొదటివి కాగా ఇది రెండవది. వారిలో అఱువదియేండ్లు దాటినవారే యెక్కువ.

మొట్టమొదట చేయవలసిన పనికి కాసు ఖర్చు లేదు. పైరులో పురుగు ఎంత యున్నదో తెలిసికొనుటకు మనము గట్టుమీద నిలిచి చూడము. చేనిలోనికి దిగి, మూలనుండి మూలకు నడచి, ఆకు త్రిప్పి చూతుము. ఇంటినిగూడ అట్లే చూడవలెను. అందఱు పండుకొనిన పిమ్మట మీ తల్లిదండ్రుల మంచముమీద పండుకొని లేచి, దీపము వేయక, వట్టికాళ్ళతో మరుగుదొడ్డివఱకు పోయి రండు. ఆ ముప్పది అడుగులలో మీ చేయియే నాలుగుచోట్ల గోడను వెదకును. చేయి వెదకినచోట నెల్ల ఒక సుద్దగుర్తు పెట్టుడు. మఱునాడు పని అచ్చట జరుగవలెను. మా యింట నేను పెట్టిన గుర్తులు ఆఱు.

మంచముతో మొదలుపెట్టుదము. ముసలివారు మంచముమీద కూర్చుండినప్పుడు వారి పాదములు రెండును నేలను పూర్తిగా నానవలెను. మోకాళ్ళు తొడలకు సమముగా నుండవలెను. అదియే సరియైన యెత్తు. అంతకు తక్కువయైనచో లేచుట కష్టము. ఎక్కువయైనచో దిగుట యపాయము. మన నులకమంచములు నాలుగేండ్లకు జోలెవలె క్రుంగును. అట్టిదానిలో పండుకొనిన ముసలివాడు లేవవలెనన్న గుంతలో దిగబడిన బండిని లాగినంత పని. నులక బిగించుడు, లేదా నవారు వేయించుడు, లేదా బల్ల పఱపించుడు. కోళ్ళు పొట్టివైనచో వడ్రంగిచేత గుంటతీసిన కొయ్యదిమ్మలు చేయించి వానిలో దిగవేయుడు. ఇటుకలు పెట్టవలదు, అవి తొలగును.

వేసవిలో చల్లగా నుండునని నేలమీద చాప వేసికొను పెద్దలు అనేకులు. కట్లపాము రాత్రులయందు తిరుగును, నేలమీద నిద్రించువారిని కఱచును. దాని కాటు నొప్పి యంతగా తెలియకపోవుటచే మనిషి నిద్రలోనే అపాయమున పడును. ధాన్యపు బస్తాలు ఇంటిలో నున్నచో ఎలుకలు, ఎలుకలున్నచో పాము. కావున మంచమే మేలు. దానికి దోమతెర కట్టి అంచులు పఱుపు క్రిందికి మడచినచో దోమకును పామునకును అదియే కోట.

దీపము విషయములో నేను చేసినది ఇది. నడవలో నేలకు మూరెడెత్తున ఒక చిన్న రాత్రిదీపము పెట్టించితిని. సగము వాటు ఎల్‌ఈడీ దీపము. రాత్రియంతయు వెలిగినను కరెంటు బిల్లులో కనబడదు. పిల్లల కన్నులకు తగులదు. గడప మాత్రము స్పష్టముగా కనబడును. కరెంటు పోవు ఊళ్ళలో తలదిండు ప్రక్కన మంచపుకోటికి త్రాటితో కట్టిన టార్చిలైటు ఉండవలెను. కట్టనిచో అది మంచము క్రిందికి దొరలును. దానికై వంగి పడినవారిని నేనెఱుగుదును.

ఇక గడప. గడప తీసివేయుమని చెప్పుటకు నేను సాహసింపను. పసుపు కుంకుమలకు నెలవైన గడపను తీయించు నిల్లాలు మన ఊళ్ళలో లేదు, తీయించవలసిన పనియు లేదు. ఇరుప్రక్కల వాలుగా నుండు కొయ్యపలకలు రెండు చేయించి, గడపకు ఆనించి మేకులు దిగగొట్టిన చాలును. మా అమ్మగారు మొదట ఒప్పుకొనలేదు. "పసుపు రాసుకోవడానికి చోటేదిరా?" అని కోపించిరి. వడ్రంగి పలకలను గడపపైకంటె రెండు వ్రేళ్ళు క్రిందుగా నాపి, పైభాగమును విడిచిపెట్టెను; ఆ రెండు వ్రేళ్ళకును వాలుగా అంచు చెక్కెను. ఇద్దఱి మాటయు నిలిచినది. మెట్లున్నచోట ప్రతి మెట్టు అంచునకును రెండంగుళముల వెడల్పున తెల్లరంగు వేయుడు. ముసలికన్నులకు నల్లబండమీద నల్లమెట్టు కానరాదు.

స్నానపుగదిలోను మరుగుదొడ్డిలోను పట్టుకొమ్మ యుండవలెను. ఒకటిన్నర అంగుళముల లావుగల తుప్పుపట్టని ఇనుపగొట్టము, నడుము ఎత్తున, గోడ యిటుకలోనికి దిగిన బోల్టులతో బిగింపవలెను. పలకమీద అంటించినదియు, తువ్వాలు వ్రేలాడదీయు సన్నని కడ్డీయు దీనికి పనికిరావు. పడబోవువాడు చేతికందినదానిని పట్టుకొనును. అది ఊడివచ్చినచో వట్టిగోడకంటె ఎక్కువ హాని. బిగించిన పిదప మీరు మీ పూర్తి బరువును దానిపై మోపి చూడుడు. మీకు ఊడనిది వారికి ఊడదు. నేలకు గరుకుపలకలు వేయించుట మంచిది. అది కాదన్నచో అడుగున పీల్చిపట్టుకొను రబ్బరు చాప దొరకును. గోనెసంచి పఱచుట నేను చాల ఇండ్లలో చూచితిని. తడిసిన గోనె మడతపడి కాలికి చుట్టుకొనును. దానిని తీసివేయుడు.

స్నానమునకు అడుగెత్తు పీట ముసలివారికి పగ. ప్లాస్టికు కుర్చీ వేయుడు. కాళ్ళక్రింద రబ్బరు తొడుగులుండవలెను. గొంతుకూర్చుండి లేవలేనివారికి మరుగుదొడ్డిపై వేసికొను నడుమ రంధ్రముగల కుర్చీలు మందుల దుకాణములలో అమ్ముచున్నారు. ఉన్న దొడ్డిని పగులగొట్టవలసిన పని లేదు. తలుపు లోపలిగడియ బయటినుండిగూడ తీయుటకు వీలుగా నుండవలెను. లోపల పడినవారు లేచి గడియ తీయలేరు. తలుపు బ్రద్దలుకొట్టునంతలో గడియలు గడచిపోవును. బోరింగువద్దను నీళ్ళతొట్టివద్దను పట్టిన పాచిని వారమునకొకసారి బ్లీచింగుపొడి చల్లి గట్టిచీపురుతో రుద్దవలెను. తెల్లవాఱి కళ్ళాపి చల్లిన వాకిలి ఆఱువఱకు పెద్దలను అరుగుమీదనే కూర్చుండబెట్టుడు.

ఇన్ని చెప్పుటలో నా ముఖ్యోద్దేశము మఱొకటి యున్నది. మరుగుదొడ్డికి పోవు దారి కష్టమైనచో ముసలివారు దారిని బాగుచేయుమని మనలను అడుగరు. నీళ్ళు త్రాగుట మానుదురు. మా తండ్రిగారు పడిన పిదప అమ్మగారు చెప్పగా నాకు తెలిసినది: ఆయన సాయంకాలము నాలుగు గంటలు దాటిన తరువాత చెంబు ముట్టుట మానివేసి రెండేండ్లయినదట. రాత్రి లేవవలసి వచ్చునని. వయసు మీఱినకొలది దాహము తెలియుటయే తగ్గును. దానిపై ఈ వ్రతము. నీరు చాలని శరీరములో రక్తపు పోటు పడిపోవును. మంచముమీదనుండి లేవగానే కన్నులు తిరుగును. అట్లు తిరిగి పడుదురు. అనగా పడుదుమను భయమే పడుటకు కారణమగుచున్నది. కాలువ గట్టు తెగునని నీరు విడువక పైరును ఎండగొట్టినట్లు. దారి బాగుచేసిన పిదప ఆయనచేత మరల నీళ్ళు త్రాగించుటకు నాకు నెలదినములు పట్టినది.

నీరు పగటివేళనే యెక్కువగా త్రాగవలెను. పండుకొనుటకు రెండుగంటల ముందునుండి తగ్గింపవచ్చును. దాహమగుటకై ఎదురుచూడక, గంటకొకసారి గ్లాసెడు నీరో పలుచని మజ్జిగయో చేతికీయవలెను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను. నిద్రలేవగానే ఒక్కసారిగా నిలువక, మంచపు అంచున కూర్చుండి, పాదములు పదిమాఱులు ఆడించి, కన్నులు తేటపడిన పిమ్మట లేవవలెను. రక్తపుపోటునకు మాత్రలు వాడువారికి ఇది మఱింత ముఖ్యము. కన్నులు తిరుగుచున్నవని ఆ మాత్రలను తమంతట మానరాదు. వైద్యునకు చెప్పినచో మోతాదు మార్చును.

ఈ ఎండలలో ఈ మాట మఱింత గట్టిగా చెప్పవలసియున్నది. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రములలో వడగాడ్పులకు వేయిమందికి మించి మరణించిరి. వారిలో వృద్ధులును ఎండలో పనిచేయు కూలీలును అనేకులు. పగలు పదకొండు మొదలు నాలుగువఱకు ముసలివారిని చేనికి కాపలాకని పంపవలదు. రేకుల షెడ్డులోను, క్రొత్తగా వేసిన పలుచని స్లాబు క్రిందను ఉన్న గది మధ్యాహ్నము పొయ్యివలె కాగును. ఆ గంటలు వారిని వేపచెట్టు నీడకో పాత పెంకుటింటికో మార్చుడు. వాంతులు, విరేచనములు, అధికమైన చెమట కలిగినప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆఱు టీచెంచాలు పంచదారయు అరచెంచా ఉప్పును, తలకొట్టి కొలిచి, కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపుడు. ఉప్పు ఆ కొలత మించరాదు. ఒళ్ళు కాలుచు, మాట తడబడుచు, మనుష్యులను గుర్తింపకున్నచో అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతయు తడిపి, విసరుచు 108కి ఫోను చేయుడు. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

కాళ్ళలో బలము లేనిదే గొట్టమును కఱ్ఱయు ఎంతవఱకు కాపాడును? ఏబదియేండ్లు దాటినది మొదలు కండ తఱుగుచు వచ్చును. పని మానినచో మఱింత త్వరగా తఱుగును. దీనికి నేను పరీక్షించి చూచిన సాధనము ఒకటి కలదు. గోడకానించిన చేతులులేని గట్టి కుర్చీపై కూర్చుండి, చేతులతో ఊతము తీసికొనక లేచి నిలిచి, మరల మెల్లగా కూర్చుండవలెను. ప్రొద్దుట అయిదుసార్లు, మాపు అయిదుసార్లు మొదలుపెట్టి, క్రమముగా పదికి పెంచవలెను. మొదటి వారము ప్రక్కన మనిషి యుండవలెను. కండకు మేత పప్పు, పాలు, గ్రుడ్డు, చేప. పళ్ళు పోయిన పెద్దలు మజ్జిగయన్నమునకును ఊరగాయకును దిగుదురు. అందులో కండకు కావలసినది బహుస్వల్పము, ఉప్పు మాత్రము మెండు. జాతీయ పోషకాహార సంస్థవారు దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదనుచున్నారు. అనగా ఒక చిన్నచెంచా, ఊరగాయలోనిది కలుపుకొని. పప్పును మెత్తగా నుడికించి మెదిపినచో పళ్ళతో పని యేమి? రాగిజావ ఎముకకు మేలు. ఒక మాట కటువుగా చెప్పుచున్నాను, క్షమింపుడు. ఉదయమున పాలకేంద్రమునకు చివరి గిద్దెవఱకు కొలిచిపోసి, ఇంటి ముసలివానికి నీళ్ళకాఫీ యిచ్చు ఇండ్లను నేను చూచుచున్నాను. ఆ గేదెకు మేత వేయుచున్నది తఱచుగా ఆ ముసలివాడే.

చేతికఱ్ఱనుగూడ కొలిచి తీయవలెను. నిటారుగా నిలిచి చేయి వ్రేలాడవేసినప్పుడు మణికట్టు మడతవఱకు వచ్చునది సరియైన పొడవు. అడుగున రబ్బరు బిళ్ళ యుండవలెను, అరిగినచో మార్చవలెను. నొప్పి యున్న కాలివైపు గాక, రెండవవైపు చేతిలో పట్టవలెను. మొదట విపరీతముగా తోచును. నాలుగడుగులు నడచిన తెలియును.

కన్నులలో శుక్లములు ముదిరినగాని కోయింపరాదని పూర్వులు చెప్పుదురు. ఆ కాలమున అది నిజమే. ఇప్పుడట్లు కాదు, చూపు పనికి అడ్డము వచ్చుట మొదలైనప్పుడే తీయించవచ్చును, చాలమంది అదేదినమున ఇల్లు చేఱుదురు. తెలంగాణమున 2018 సంవత్సరములో కంటివెలుగు పేర ఊరూర నేత్రపరీక్షలు జరిపినప్పుడు లక్షలమంది పెద్దలకు కండ్లజోళ్ళు లభించినవి. చూపు తగ్గినవారున్న యింటిలో నా శాఖకు సంబంధించిన అపాయమొకటి యున్నది. మిగిలిన పురుగుమందును శీతలపానీయపు ఖాళీసీసాలో పోసి గూటిలో పెట్టుదురు. మసకచూపుతో దగ్గుమందు వెదకుకొను ముసలివానికి ఆ సీసాకును ఈ సీసాకును భేదము తెలియదు. పురుగుమందును తెచ్చిన డబ్బాలోనే, చీటీ ఊడకుండ, ఇంటిబయట తాళము వేసిన పెట్టెలో ఉంచవలెను. దీనికి మినహాయింపు లేదు.

ఇంత చేసినను పడినచో ఏమి చేయవలెను? కాలు మోపలేక, ఒక కాలు పొట్టియైనట్లును పాదము బయటికి తిరిగినట్లును కనబడినచో తుంటి విఱిగినదని తలంపుడు. నేను చదివిన మిషను పాఠశాలలో మా మాస్టరుగారు ఒక పిల్లవానిని బల్లపై పండుకొనబెట్టి, గాయపడినవానిని ఎట్లు ఎత్తవలెనో, ఏమి చేయరాదో నెలకొకసారి మాచేత చేయించెడివారు. ఆ రాత్రి అదియే నాకు పనికివచ్చినది. లాగరాదు, నూనెపెట్టి తోమరాదు, నిలబెట్టి నడిపింపరాదు. రెండు కాళ్ళ నడుమ దుప్పటి మడచి పెట్టి, మంచికాలికి చేర్చి మెత్తని గుడ్డతో వదులుగా కట్టి, బల్లమీదనో మంచముతోనో కదల్పవలెను. ఏమియు తినిపింపరాదు, శస్త్రచికిత్సకు మత్తు ఈయవలసి యుండును. తుంటి విఱిగినవారికి రెండుదినములలోపల శస్త్రచికిత్స జరుగుట మేలని వైద్యులందఱును చెప్పుచున్నారు. కట్టుకట్టించి నెలలతరబడి మంచమున పండుకొనబెట్టినచో ఎముక అతుకకమునుపే పుండ్లును ఊపిరితిత్తులకు నెమ్మును వచ్చును. 2024 అక్టోబరు 29 మొదలు డెబ్బదియేండ్లు దాటినవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ భారత్ క్రింద కుటుంబమునకు సంవత్సరమునకు అయిదు లక్షల రూపాయలవఱకు చికిత్సకు ఏర్పాటు చేసియున్నారు. ఆధారుకార్డుతో ముందుగానే కార్డు తీసికొని యుంచుడు. మేము తీసికొనలేదు, ఆస్పత్రి వరండాలో నిలిచి దానికై తిరిగితిమి.

ఇంటి మరమ్మతులు వ్రాయుచు దస్తావేజుల మాట యేలయని మీరడుగవచ్చును. ముసలివానికి ఇల్లు క్షేమముగా నుండుటకు ముందు ఆ యింటిలో ఆయనకు చోటుండవలెను గదా. భూమిని, ఇంటిని కుమారుల పేర దానపత్రము వ్రాసియిచ్చిన సభ్యులు మన సంఘములో పలువురున్నారు. అందఱు కుమారులును ఒక్కతీరు గారు. నడిమియింటిలోని మంచము వసారాకును, వసారానుండి గొడ్లచావడి ప్రక్కకును జరుగుట నేను కన్నులార చూచితిని. 2007 సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టములో 23వ సెక్షను ఇట్టివారికై యేర్పడినది. ఆ చట్టము అమలులోనికి వచ్చిన తరువాత వ్రాసిన దానపత్రములో, తీసికొనినవారు ఇచ్చినవారికి అవసరములు చూడవలెనను షరతు ఉండి, వారట్లు చూడనిచో, ఆ దానమును రద్దుచేయుమని వృద్ధుడు ఆర్డీవోగారి ట్రిబ్యునలులో కోరవచ్చును. షరతు వ్రాతలో నుండుట ముఖ్యము. "నా జీవితాంతము ఈ యింటిలో వసతి, భోజనము, వైద్యము జరిపించవలెను" అని ఒక్క వాక్యము వ్రాయించినచో మంచి కుమారునకు నష్టమేమియు లేదు. దస్తావేజు లేఖరి వ్రాయనక్కఱలేదన్నను వ్రాయించుడు. అదే చట్టముక్రింద పోషణకై నెలకు పదివేల రూపాయలవఱకు ఇప్పించుటకు ట్రిబ్యునలునకు అధికారము కలదు. సలహాకు 14567 అను నంబరునకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును.

మా తండ్రిగారి మంచము ఇప్పుడు నడవలోనే, రాత్రిదీపమునకు ఎదురుగా వేసియున్నది. వచ్చుపోవువారితో మాటలాడుటకు అదియే అనువని ఆయనయే కోరిరి. కూర్చుండి విత్తనపు వేరుసెనగ కాయలు ఒలుచుచు, నొక్కినవానిని ఏరివేయుచున్నారు. ఆ పనిలో నాకంటె ఆయన కన్ను నిశితము. స్నానపుగది గొట్టముమీద కోడలు తడిబట్టలు ఆఱవేయుచున్నదని మాత్రము వారమునకొకసారి నాతో చెప్పుదురు.

మన సంఘకార్యాలయమునకు అయిదు మెట్లున్నవి. పట్టుకొనుటకు ఏమియు లేదు. అప్పుపత్రములమీద వ్రేలిముద్ర వేయుటకు వచ్చు పెద్దలు వాచ్‌మన్ భుజము పట్టుకొని ఎక్కుట ప్రతివారము చూచుచున్నాము. ఈ సంగతి విన్నవించగా, మెట్లకు ఇరుప్రక్కల గొట్టములు వేయించుటకు పాలకవర్గమువారు ఒప్పుకొనిరి. ఆ కొనుగోలుతోపాటు సభ్యుల ఇండ్లకు గూడ గొట్టములను, బోల్టులను టోకుధరకు తెప్పించుట సులభము. కావలసినవారు స్నానపుగది గోడ పొడవును, మరుగుదొడ్డి గోడ పొడవును అంగుళములలో వేఱువేఱుగా వ్రాసి, నెలాఖరులోపల సంఘపు గుమాస్తాకు ఈయవలెను. గోడ ఇటుకదో, మట్టిదో, సిమెంటుదిమ్మలదో తప్పక వ్రాయుడు. మట్టిగోడకు బోల్టు నిలువదు, దానికి నేలలో పాతు నిలువుగొట్టము తెప్పింపవలసియుండును.